టర్బో కారుకు తొలి మార్పులు: తిరుపతి ఎండలో ఏది ముందు, ఏది తర్వాత

టర్బో పెట్రోల్ కారు కొన్న ఏడాదికల్లా "ఇంకాస్త పికప్ ఉంటే బాగుండు" అనిపించడం మామూలే. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ కావచ్చు, స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, గోల్ఫ్ జీటీఐ, బీఎండబ్ల్యూ ఎం340ఐ కావచ్చు. బండి ఏదైనా మొదట మనసు పోయేది రెండింటి మీదికే: కోన్ ఎయిర్ ఫిల్టరు, గట్టిగా మోగే సైలెన్సరు. బానెట్ ఎత్తితే ఒకటి కనబడుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే రెండోది వినబడుతుంది. కానీ టర్బో ఇంజన్లో అదనపు శక్తి ఈ రెండింటిలోనూ లేదు. అది ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) ఎంత బూస్ట్ (టర్బో నొక్కిన గాలి అదనపు ఒత్తిడి) అడుగుతుంది, స్పార్క్ ఎంత ముందుగా ఇస్తుంది అన్న రెండు నిర్ణయాల్లో ఉంది. ఆ నిర్ణయాలను శాసించేది వేడి. తిరుపతి, చిత్తూరు, రేణిగుంట, పుత్తూరు వైపు ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. అందుకే చలిదేశాల కోసం రాసిన మార్పుల వరుసను ఇక్కడ యథాతథంగా పాటిస్తే డబ్బు ముందు పోతుంది, శక్తి మాత్రం రాదు.

ఇక్కడికి సరిపోయే వరుస ఇది: బండి ఆరోగ్యం, తర్వాత టైర్లూ బ్రేకులూ, ఆ తర్వాత గాలిని చల్లబరిచే వ్యవస్థ, అది కుదిరాకే రీమ్యాప్, అంటే ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చడం. ఫిల్టరు, ఎగ్జాస్ట్ చివరి మాట. చాలామంది బడ్జెట్ల విషయంలో ఆ చివరి మాట దాకా వెళ్లనక్కర్లేదు కూడా.

వేడి లెక్క

టర్బో చేసే పని గాలిని నొక్కడం. నొక్కితే గాలి వేడెక్కుతుంది. బయట 25 డిగ్రీలున్నప్పుడు ఒక బార్ బూస్టుకు నొక్కితే, 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్ నుంచి గాలి సుమారు 118 డిగ్రీల వేడితో బయటికొస్తుంది. బయట 42 డిగ్రీలుంటే అదే పనికి 141 డిగ్రీలు. కంప్రెసర్ పెంచిన వేడిలో 70 శాతాన్ని ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచే రేడియేటర్) తీసేసిందనుకుందాం. మొదటి సందర్భంలో ఇంజన్లోకి 53 డిగ్రీల గాలి పోతుంది, రెండో సందర్భంలో 72 డిగ్రీల గాలి. బూస్ట్ గేజ్ రెండుసార్లూ ఒకే అంకె చూపిస్తుంది. సిలిండర్లో పడే గాలి బరువు మాత్రం ఐదున్నర శాతం దాకా తగ్గిపోతుంది.

పోయేది ఆ ఐదున్నర శాతమే అయితే సర్దుకోవచ్చు. అసలు దెబ్బ దాని తర్వాత పడుతుంది. వేడిగాలితో నాకింగ్ తొందరగా మొదలవుతుంది. స్పార్క్ దగ్గర పుట్టిన మంట అంచులదాకా చేరేలోపే, అక్కడి మిశ్రమం తనంతట తాను అంటుకుని పేలడమే నాకింగ్. నాక్ సెన్సర్ దాన్ని పసిగట్టగానే ఈసీయూ ఆ సిలిండర్‌కు స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. స్పార్క్ ఆలస్యమైతే పిస్టన్‌ను తొయ్యాల్సిన వేడి ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. ఎగ్జాస్ట్ వేడి పెరిగితే టర్బైన్‌ను, క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాపాడటానికి ఈసీయూ మరికాస్త పెట్రోల్ పోస్తుంది. ఇలా టార్క్, మైలేజ్ రెండూ ఒకేసారి పడిపోతాయి. జనవరిలో హుషారుగా లాగిన బండి మే నెలలో చంద్రగిరి దాటేసరికి నీరసపడినట్టు అనిపిస్తే, అందులో డ్రైవర్ భ్రమ ఏమీ లేదు.

ముందు బండి ఆరోగ్యం

మరమ్మతు కావలసిన ఇంజన్‌కు బూస్ట్ పెంచడమంటే మూలిగే నక్క మీద తాటిపండు పడెయ్యడమే. కాబట్టి తొలి ఖర్చు పరీక్షల మీద పెట్టాలి. అన్ని సిలిండర్ల కంప్రెషన్ కొలిస్తే ఎక్కువకూ తక్కువకూ మధ్య తేడా 10 శాతం మించకూడదు. మించితే రీమ్యాప్ ఆలోచన అక్కడే ఆపేసి కారణం వెతకాలి.

రెండో పరీక్ష బూస్ట్ లీక్. దీన్ని ఎక్కువమంది దాటేస్తారు, ఎక్కువ బళ్లలో దొరికేదీ ఇదే. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడినుంచి థ్రాటిల్ బాడీకి వెళ్లే పైపుల్లో సన్నని లీక్ ఉన్నా బండి నడుస్తూనే ఉంటుంది, చెక్ లైట్ కూడా వెలగకపోవచ్చు. ఎందుకంటే తగ్గిన బూస్టును భర్తీ చెయ్యడానికి ఈసీయూ టర్బోను మరింత వేగంగా తిప్పుతుంది. వేగం పెరిగేకొద్దీ గాలి ఇంకా వేడెక్కుతుంది, టర్బో బేరింగులు అరుగుతాయి. రీమ్యాప్ చేశాక ఆ లీకే టర్బో ఓవర్‌స్పీడ్‌గా మారుతుంది.

పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. ఇంజన్ ఆపి, చల్లారాక, టర్బోలోకి గాలి వెళ్లే గొట్టాన్ని ఊడదియ్యాలి. ఆ నోటికి సరిపడే పీవీసీ మూతకు ఒక టైర్ వాల్వు బిగించి, క్లాంపుతో గట్టిగా పట్టించాలి. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో గాలి ఎక్కించవచ్చు గానీ రెగ్యులేటర్ తప్పనిసరి. 0.3 బార్‌తో మొదలుపెట్టి మెల్లగా ఒక బార్ దగ్గర ఆపెయ్యాలి, అంతకు మించొద్దు. అప్పుడు సబ్బునీళ్లు చిలకరిస్తూ చూడాలి: హోసు క్లాంపులు, క్విక్ కనెక్టర్ లోపలి ఓ రింగులు, డైవర్టర్ వాల్వు డయాఫ్రం, ఇంటర్‌కూలర్‌కు ప్లాస్టిక్ ట్యాంకు కలిసే అంచు. బుడగలొచ్చిన చోటే లీక్. కొంత గాలి తెరిచి ఉన్న వాల్వుల గుండా జారుకుంటుంది కాబట్టి గేజ్ ముల్లు నెమ్మదిగా దిగడం సహజం, చటుక్కున పడిపోతేనే అనుమానించాలి. డిప్‌స్టిక్, ఆయిల్ మూత దగ్గర గాలి బుసకొడితే పీసీవీ వాల్వు (క్రాంక్‌కేస్ ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది) వైపు చూడాలి.

స్పార్క్ ప్లగ్గుల సంగతి. బూస్ట్ పెరిగితే సిలిండర్లో గాలి చిక్కబడి, స్పార్క్ ప్లగ్గు మొనల మధ్య ఖాళీని (గ్యాప్) దాటడం కష్టమవుతుంది. కంపెనీ గ్యాప్‌తో రీమ్యాప్ చేసిన బండి పై గేర్లో, మూడు నాలుగు వేల ఆర్‌పీఎం మధ్య గట్టిగా తొక్కగానే కుదుపుతోందంటే మొదట చూడాల్సింది ఇదే. ఇలాంటి ఇంజన్లలో 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల గ్యాప్ వాడతారు, ఒక మెట్టు చల్లని రకం ప్లగ్గు వేస్తారు. ఎన్‌జీకే, డెన్సోల్లో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది, బాష్‌లో అంకె తగ్గేకొద్దీ చల్లనిది. ఈ తేడా తెలియక ఇంకా వేడి ప్లగ్గు బిగించేస్తే నాకింగ్‌ను చేతులారా పిలిచినట్టే. ఇరీడియం ప్లగ్గు నడిమి మొన చాలా సున్నితం, గ్యాప్ సరిచేసేటప్పుడు పనిముట్టు దానికి తగలకూడదు. బిగించేటప్పుడు టార్క్ రెంచి వాడాలి, మరలకు గ్రీజు రాయకూడదు.

ఇంజన్ ఆయిల్ డబ్బా మీద కంపెనీ అడిగిన గ్రేడుతో పాటు ఏపీఐ ఎస్‌పీ ఉందో లేదో చూడాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లలో తక్కువ ఆర్‌పీఎం దగ్గర ఎక్కువ బరువు లాగించినప్పుడు, స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే జబ్బు ఒకటుంది. ఒక్క దెబ్బకు పిస్టన్‌లో రింగు కూర్చునే గట్టు పగిలిపోయేంత తీవ్రమైనది. ఎస్‌పీ గ్రేడు ఆయిళ్లకు ఈ జబ్బుపై ప్రత్యేక పరీక్ష ఉంటుంది. అయినా డ్రైవింగ్ అలవాటు ఆయిల్ కంటే ముఖ్యం. పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఆరో గేర్లో 1500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ అడుగంటా తొక్కడం మానెయ్యాలి. రెండు మూడు గేర్లు దించి 2500 పైన లాగించడమే ఇంజన్‌కు సుఖం. టార్క్ పెంచిన తర్వాత ఈ నియమం ఇంకా కఠినంగా పాటించాలి. ఆయిల్ మార్పు దూరాన్ని కంపెనీ చెప్పినదానిలో సగానికి తగ్గించడం ఈ ఎండలకూ దుమ్ముకూ తగిన పని.

టైర్లు, బ్రేకులు

టైర్లతో ఇంజన్ బలం పెరగదు. రోడ్డు మీద దిగే బలం పెరుగుతుంది. వర్టస్ జీటీలాంటి ముందు చక్రాల బండి 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కే తడి రోడ్డు మీద మొదటి, రెండో గేర్లలో చక్రం తిప్పేస్తుంది. అక్కడ మరో 50 కలిపితే వచ్చేది పొగ, ట్రాక్షన్ కంట్రోల్ లైటు. మంచి టైరుకు సైజు పెంచక్కర్లేదు, కంపెనీ సైజులోనే మెరుగైన రకం చాలు. టైరు అంచున డాట్ తర్వాత చివర ఉండే నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 1825 అని ఉంటే 2025లో 18వ వారం. షాపులో ఏళ్లపాటు ఎండిన టైరు ఎంత ఖరీదైనదైనా వద్దు. స్పీడ్ రేటింగు కంపెనీ ఇచ్చినదానికి తగ్గకూడదు. గాలి ఎప్పుడూ చల్లటి టైరులోనే కొలవాలి. పది డిగ్రీల తేడాకు సుమారు ఒకటిన్నర పీఎస్ఐ మారుతుంది కాబట్టి, తెల్లవారుజామున కొలిచిన 33ను మధ్యాహ్నం బంకులో 38గా చూసి గాలి తీసేస్తే మర్నాటికి టైరు మెత్తబడి ఉంటుంది.

బ్రేకుల విషయంలో తిరుపతి వాళ్లకు దేశంలో చాలామందికి లేని కొలమానం ఒకటుంది, తిరుమల ఘాట్. నలుగురు కూర్చున్న కారు బరువు సుమారు 1500 కిలోలు. కొండమీదినుంచి అలిపిరికి దిగే ఎత్తు 650 మీటర్ల పైచిలుకు. ఆ దిగుడులో వదిలించుకోవాల్సిన శక్తి తొమ్మిదిన్నర మెగాజౌళ్లకు పైమాటే. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగడానికి ఖర్చయ్యే శక్తి 0.58 మెగాజౌళ్లు. అంటే ఒక్కసారి కొండ దిగడం వంద వేగం నుంచి 16 సార్లు ఆగడంతో సమానం. అందులో కొంత గాలి, కొంత ఇంజన్ బ్రేకింగ్ మోస్తాయి. గేరు డ్రైవ్‌లోనే వదిలేసి బ్రేకు మీద కాలు ఆనించి దిగేవాళ్ల బళ్లలో మాత్రం దాదాపు అంతా డిస్కుల మీదే పడుతుంది.

ఇక్కడ మొదట లొంగిపోయేది ప్యాడ్ కాదు, ఫ్లూయిడ్. డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. ఫ్లూయిడ్ మరిగితే గొట్టంలో ఆవిరి బుడగ పుడుతుంది, పెడల్ నేలకు దిగుతుంది, బండి ఆగదు. డాట్ 5.1లో ఈ అంకెలు 260, 180. రెండేళ్లకొకసారి మార్చమని పుస్తకంలో ఉంటే, శక్తి పెంచిన బండికి ఏటా మార్చడం మంచిది. డాట్ 5 పేరు 5.1కి దగ్గరగా ఉన్నా అది సిలికాన్ ద్రవం, ఏబీఎస్ ఉన్న మామూలు కారులో పొయ్యకూడదు. ఫ్లూయిడ్ మార్పు అన్ని మార్పుల్లోకీ చవక. తర్వాతి మెట్టు ప్యాడ్లు. రేసు ప్యాడ్లు మాత్రం వద్దు, అవి వేడెక్కే దాకా పట్టవు. తెల్లవారుజామున ఇంటి సందు మలుపులో అదే ప్రమాదం. పెద్ద క్యాలిపర్ కిట్లు ఈ దశలో అనవసరం.

ఇంకో మాట. ఘాట్ రోడ్డు పరీక్షా మైదానం కాదు. అక్కడ నిర్ణీత సమయం కంటే ముందే దిగినా ఎక్కినా జరిమానా ఉంది, అది ఉండాల్సిందే. గట్టిగా నడిపి చూడాలనుకునేవాళ్లకు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. తిరుపతి నుంచి పొద్దున్నే బయల్దేరి చేరగలిగిన దూరమే.

గాలిని చల్లబరచడం

ఇంటర్‌కూలర్ కొనేముందు తెలుసుకోవాల్సింది ఆ కారులో ఉన్నది ఏ రకం అన్నది. ఆక్టేవియా ఆర్‌ఎస్, గోల్ఫ్ జీటీఐల్లోని 2.0 టీఎస్ఐ టర్బో పెట్రోల్ ఇంజన్‌కు ముందు బంపర్ వెనక గాలితో చల్లబడే ఇంటర్‌కూలర్ ఉంటుంది. దాని స్థానంలో మందమైన కోర్ ఉన్నది నేరుగా బిగించవచ్చు. వర్టస్, స్కోడా స్లావియాల్లోని 1.0, 1.5 టీఎస్ఐలు అలా కాదు. వాటి ఇంటర్‌కూలర్ బంపర్ వెనక కాక ఇంజన్ దగ్గరే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది వేరే చిన్న కూలెంట్ సర్క్యూట్. ఎం340ఐలోని బీ58 ఇంజన్‌దీ ఇదే పద్ధతి. ఈ బళ్లకు ముందు వైపు ఇంటర్‌కూలర్ బిగించాలనుకోవడం పొరపాటు. వాటికి చూడాల్సినవి మూడు: ఆ సర్క్యూట్ ఎలక్ట్రిక్ పంపు తిరుగుతోందా, గొట్టాల్లో గాలి బుడగలు చిక్కుకున్నాయా, ముందున్న చిన్న రేడియేటర్ రెక్కలు దుమ్ము, పురుగులతో పూడుకుపోయాయా. కూలెంట్ మార్చినప్పుడు గాలి సరిగా తియ్యకపోతే ఈ సర్క్యూట్‌లో ప్రవాహం సగానికి సగం చచ్చిపోతుంది. ఇంజన్ టెంపరేచర్ ముల్లు మాత్రం నిక్షేపంగా 90 దగ్గరే ఉంటుంది. చిత్తూరు చుట్టూ గ్రానైట్ లారీల వెనక నడిచే బళ్లకు ఆ రెక్కల శుభ్రత ఒక్కటే చాలా మార్పు తెస్తుంది. హై ప్రెషర్ వాటర్ వాష్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. లోపలినుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీటితో కడగాలి.

గాలి రకం ఇంటర్‌కూలర్ మార్చేవాళ్లు పరిమాణం ఒక్కటే చూడకూడదు. కోర్ మరీ మందమైతే దానితో వరసగా ఉన్న ఏసీ కండెన్సర్, రేడియేటర్లకు గాలి ఆడదు. మే నెలలో గాంధీ రోడ్డు ట్రాఫిక్‌లో ఏసీ చల్లదనం తగ్గిందంటే కారణం అదే కావచ్చు. లోపలి వైపు కూడా చూడాలి. ఇంటర్‌కూలర్ రెండు చివర్ల మధ్య ఒత్తిడి తేడా 0.1 బార్ దాటితే ఆ లోటు పూడ్చడానికి టర్బో మళ్లీ ఎక్కువ తిరుగుతుంది. బార్ అండ్ ప్లేట్ రకం ఎక్కువ వేడిని దాచుకుంటుంది, వరసగా రెండు మూడుసార్లు గట్టిగా తొక్కినా తట్టుకుంటుంది. ట్యూబ్ అండ్ ఫిన్ రకం తేలిక, బండి కదలగానే తొందరగా చల్లబడుతుంది. ఊరి ట్రాఫిక్, మధ్యమధ్యలో హైవే అనే ఇక్కడి వాడకానికి రెండోదే ఎక్కువగా నప్పుతుంది.

ఫలితం ఎలా కొలవాలి? ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే గాలి సాంద్రత సుమారు మూడు శాతం పెరుగుతుంది. స్పార్క్ వెనక్కి పోకుండా మిగిలే లాభం దాని పైన. రీమ్యాప్ లేకుండా కూడా ఎండాకాలంలో బండి పోగొట్టుకున్న శక్తి కొంత తిరిగొస్తుంది. ఇంత ఎండలుండే చోట ఇంటర్‌కూలింగ్‌ను రీమ్యాప్‌కు ముందు పెట్టమనడానికి కారణం ఇదే.

ఫిల్టరు, డౌన్‌పైప్, బ్లో ఆఫ్ వాల్వ్

కంపెనీ ఎయిర్ బాక్స్ బయటి గాలిని గ్రిల్ దగ్గర్నుంచి లాగుతుంది. దాన్ని పీకేసి బానెట్ కింద తెరిచిన కోన్ ఫిల్టరు పెడితే ఇంజన్ పీల్చేది రేడియేటర్ వదిలిన వేడిగాలి. టర్బో శబ్దం బాగా వినబడుతుంది, బండి మాత్రం నెమ్మదిస్తుంది. మూసిన పెట్టెతో వచ్చే కిట్లు మేలే గానీ స్టేజ్ వన్ (విడిభాగాలు మార్చకుండా చేసే తొలి రీమ్యాప్) దాకా కంపెనీ బాక్స్, శుభ్రమైన పేపర్ ఫిల్టరు సరిపోతాయి. నూనె పట్టించే ఫిల్టర్లలో నూనె ఎక్కువైతే అది ఎంఏఎఫ్ సెన్సర్ (ఇంజన్లోకి పోయే గాలిని కొలిచేది) తీగ మీద పేరుకుని గాలి కొలతను తప్పిస్తుంది.

డౌన్‌పైప్‌లో (టర్బో నుంచి ఎగ్జాస్ట్ బయటికొచ్చే మొదటి గొట్టం) పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే టర్బో తొందరగా లేస్తుంది, నిజమే. కన్వర్టర్ సరిగా పనిచెయ్యడం లేదనే పీ0420 కోడ్ వస్తుంది, కాలుష్య పరీక్షలో బండి నిలబడదు, వెనక పొగ ఘాటెక్కుతుంది. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్దం, పొగ ప్రమాణాలు మీరిన బండి నడిపితే పదివేల రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, వాటితోపాటు లైసెన్స్ మీద మూడు నెలల అనర్హత. బండిలో మార్పుల గురించి చెప్పేది 52వ సెక్షన్. ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా మార్చకూడదని అది చెబుతుంది, సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. ఉల్లంఘిస్తే 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు ఐదువేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మార్పుల సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకపోతే క్లెయిం దగ్గర వివాదానికి వాళ్ల చేతికి కారణం ఇచ్చినట్టే.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన బూస్ట్ గాలిని బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వు ఒక్క హార్స్‌పవర్ కూడా ఇవ్వదు. ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న బండిలో అప్పటికే కొలిచిన గాలిని బయటికి వదిలేస్తుంది కాబట్టి గేరు మారినప్పుడల్లా పెట్రోల్ ఎక్కువై మిశ్రమం చెడుతుంది. కిందివైపు ఇంజన్ మౌంటు ఇన్సర్ట్ (మౌంటులోకి దూర్చే గట్టి ముక్క) మాత్రం చవకలో పనికొచ్చే భాగం. ముందు చక్రాలు ఎగిరెగిరి పడటాన్ని అది తగ్గిస్తుంది, కాస్త వణుకు పెంచుతుంది.

రీమ్యాప్

అసలు శక్తి ఇక్కడుంది. టర్బో పెట్రోల్ ఇంజన్లో మంచి స్టేజ్ వన్ ఫైలు 20 నుంచి 30 శాతం దాకా పెంచగలదు. ఏ బోల్టూ విప్పక్కర్లేదు. అంత తేలికగా రావడమే దీనిలోని ప్రమాదం, ఎందుకంటే పెరిగిన టార్క్ ఎవరి నెత్తిన పడుతుందో ఫైలు అమ్మేవాళ్లు ఎప్పుడూ చెప్పరు.

మొదట చూడాల్సింది గేర్‌బాక్స్. వర్టస్ జీటీ, స్లావియా 1.5ల్లో వచ్చే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) పేరు డీక్యూ200. దాని డిజైన్ పరిమితి 250 న్యూటన్ మీటర్లు. ఇంజన్ కంపెనీ నుంచే 250 ఇస్తోంది. అంటే మిగులు సున్నా. ఆ బండికి 320 న్యూటన్ మీటర్లంటూ ఊరించే ఫైలు క్లచ్ ప్యాకును అరగదీసే ఫైలే. అక్కడ తెలివైన దారి టార్క్ శిఖరాన్ని 250కి దగ్గర్లోనే ఉంచి, ఆ టార్క్‌ను పై ఆర్‌పీఎం దాకా సాగదీసిన ఫైలు అడగడం. పవర్ పెరుగుతుంది, క్లచ్ బతుకుతుంది. గోల్ఫ్ జీటీఐ, ఆక్టేవియా ఆర్‌ఎస్‌లలోని వెట్ క్లచ్ గేర్‌బాక్సులకు ఈ ఇరుకు అంతగా లేదు. మాన్యువల్ బండిలో పై గేర్లో తొక్కినప్పుడు ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందని అర్థం. అది చూశాక కూడా అలాగే నడిపితే ఫ్లైవీల్ ఖర్చూ తోడవుతుంది.

రెండోది పెట్రోల్. బంకుల్లో ఇప్పుడు దొరికే మామూలు పెట్రోల్ ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్. ఆక్టేన్ 95. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు సిలిండర్‌ను చల్లబరుస్తుంది, నాకింగ్‌ను అడ్డుకుంటుంది. టర్బో బండికి ఇది మేలే. మరోవైపు ఒకే గాలికి ఇథనాల్ లేని పెట్రోల్ కంటే సుమారు 9 శాతం ఎక్కువ పెట్రోల్ పొయ్యాలి. ఇథనాల్ లేని పెట్రోల్‌కు గాలి, ఇంధనం నిష్పత్తి 14.7 అయితే ఈ20కి 13.5 దగ్గర. కంపెనీ హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు పరిమితికి దగ్గరగా పనిచేస్తున్న బండిలో విదేశీ పెట్రోల్ కోసం రాసిన ఫైలు ఎక్కిస్తే పై ఆర్‌పీఎంలో రైలు ప్రెషర్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే గొట్టంలోని ఒత్తిడి) పడిపోతుంది, మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ కాలుతుంది. అందుకే ట్యూనర్‌ను మొదట అడగాల్సిన ప్రశ్న: ఈ ఫైలును ఈ20 పోసిన బండి మీద, 40 డిగ్రీల ఎండలో లాగ్ చేశారా? చూపించగలరా? 100 ఆక్టేన్ కోసం రాసిన ఫైలు చెన్నైలో బాగుండొచ్చు. పీలేరు దగ్గర అర్ధరాత్రి ట్యాంకు ఖాళీ అయితే దొరికేది మామూలు పెట్రోలే. ఫైలు ఎప్పుడూ దారిలో ప్రతి బంకులో దొరికే పెట్రోల్‌కు రాయించుకోవాలి. 1.5 టీఎస్ఐ కంప్రెషన్ నిష్పత్తి 10.5, టర్బో ఇంజన్‌కు ఇది ఎక్కువే. నాకింగ్ విషయంలో దానికి పొరపాటు భరించే ఓపిక తక్కువ.

ట్యూనింగ్ బాక్సులు చవక, ఊడదీసెయ్యవచ్చు. అవి ప్రెషర్ సెన్సర్ సిగ్నల్‌ను తక్కువ చేసి చూపించి ఈసీయూను మోసం చేస్తాయి. బూస్ట్ పెరుగుతుంది గానీ స్పార్క్, టార్క్ పరిమితులు, ఎగ్జాస్ట్ రక్షణ లెక్కలు అన్నీ పాత బూస్టునే నమ్ముకుని ఉంటాయి. ఇంత వేడిలో అలాంటి అజ్ఞానం మీద ఇంజన్ నడపడం మంచిది కాదు. రీమ్యాప్ చేయించుకుంటే అసలు ఫైలు కాపీ తీసుకోవాలి. ఇంజన్ భాగాలను వేడి నుంచి కాపాడే కాంపోనెంట్ ప్రొటెక్షన్ పట్టికలు, ఇన్‌టేక్ ఉష్ణోగ్రత దిద్దుబాట్లు ముట్టుకోలేదని రాతలో అడగాలి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బళ్లలో షోరూం కంప్యూటర్‌కు మార్పు కనబడితే టీడీ1 అనే గుర్తు పడుతుంది, ఆ తర్వాత ఇంజన్, గేర్‌బాక్స్ వారంటీ మీద ఆశ పెట్టుకోకూడదు.

డైనో (బండి శక్తిని కొలిచే యంత్రం) కాగితం చూసేటప్పుడు పైనున్న పెద్ద అంకె కంటే కింద చిన్న అక్షరాల్లో ఉండే గది ఉష్ణోగ్రత, కరెక్షన్ ఫ్యాక్టర్ ముఖ్యం. మార్పుకు ముందు, తర్వాత ఒకే డైనో మీద, ఒకే రోజు తీసిన రెండు గీతల తేడాకే విలువ.

ఫైలు ఎక్కించాక పని సగమే అయింది. ఓబీడీ పోర్టుకు (కారు లోపలి డయాగ్నస్టిక్ సాకెట్) విసిడిఎస్ లాంటి పరికరం పెట్టి లాగ్ తియ్యాలి. డైనో మీదయితే మేలు. రోడ్డు మీదయితే ఖాళీ దారిలో రెండో గేరు చాలు, 2000 నుంచి 5500 ఆర్‌పీఎం దాకా, పక్కన ఒకరు లాప్‌టాప్ చూస్తుండగా. చూడాల్సినవి: అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, సిలిండర్ వారీగా స్పార్క్ వెనకడుగు, ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, రైలు ప్రెషర్, లాంబ్డా (గాలి, పెట్రోల్ మిశ్రమం కొలమానం; ఒకటి కంటే తగ్గితే పెట్రోల్ ఎక్కువ). ఒక సిలిండర్లో ఒకటి రెండుసార్లు మూడు డిగ్రీల దాకా స్పార్క్ వెనక్కి పోయి తిరిగొస్తే సహించవచ్చు. అన్ని సిలిండర్లలో ఐదారు డిగ్రీలు నిలకడగా వెనక్కి ఉంటే ఆ ఫైలు ఈ పెట్రోల్‌కూ ఈ ఎండకూ ఎక్కువైంది, ట్యూనర్ బూస్ట్ తగ్గించాలి. పూర్తి లోడ్‌లో లాంబ్డా 0.80 నుంచి 0.88 మధ్య ఉండాలి. ఒకటికి దగ్గరగా జరుగుతూ రైలు ప్రెషర్ కూడా అడిగినదానికంటే పడిపోతుంటే వెంటనే కాలు తీసెయ్యాలి. అడిగిన బూస్ట్ కంటే వచ్చినది ఎప్పుడూ తక్కువగానే ఉంటే మళ్లీ సబ్బునీళ్ల పరీక్షకే వెళ్లాలి.

లాగ్ ఒక్కసారి తీస్తే చాలదు. డిసెంబర్లో సరిగ్గా ఉన్న ఫైలును ఏప్రిల్ మధ్యాహ్నం, ఏసీ వేసుకుని, పదినిమిషాలు ట్రాఫిక్‌లో నిలబడ్డాక మళ్లీ చూడాలి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత ప్లగ్గులు తీసి పింగాణీ భాగాన్ని భూతద్దంతో పరిశీలించాలి. లేత గోధుమ రంగు మంచిది. తెల్లటి పింగాణీ మీద ఆవగింజ కంటే చిన్నవైన మెరిసే అల్యూమినియం చుక్కలు కనబడితే అవి పిస్టన్ నుంచి ఊడినవి. ఆ ప్లగ్గుతో ఇక ఒక్క కిలోమీటరు కూడా గట్టిగా నడపకుండా, అసలు ఫైలు తిరిగి ఎక్కించి, బోరోస్కోపుతో (సన్నని గొట్టం కెమెరా) సిలిండర్ లోపల చూడాలి.